పేజీ ఎదురుచూడటం నేర్చిన కథ

2020 అక్టోబరు 29న శామీర్‌పేటకు దగ్గరలోని మూడుచింతలపల్లిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు భూరికార్డుల ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసుల్లోనే మొదలయ్యాయి. తహసీల్దార్లే జాయింట్ సబ్ రిజిస్ట్రార్లయ్యారు. భూమి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ముందు ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి, ఫీజు కట్టాలి, ఇచ్చిన రోజున కాగితాలతో ఆఫీసుకు పోవాలి. ధరణి మంచిచెడ్డల మీద ఊళ్ళలోనూ అసెంబ్లీలోనూ కావలసినంత వాదన జరిగింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి పోర్టల్ వచ్చింది. ఆ తగవులోకి నేను దిగబోవడం లేదు. నా ఆసక్తి అంతా అలాంటి ఫారాల అడుగున ఉండే బటన్ మీద. దాన్ని నొక్కిన క్షణానికీ తెర మీద జవాబు కనిపించే క్షణానికీ మధ్య పేజీ ఏం చేస్తూ ఉంటుంది? ఏ పోర్టల్ అయినా, ఏ లైబ్రరీతో కట్టినా, ఈ ప్రశ్న తప్పదు. దీనికి సరైన జవాబు దొరకడానికి పాతికేళ్ళు పట్టింది.

బటన్ నొక్కగానే బ్రౌజర్ సర్వర్‌కు కొన్ని పంక్తులు పంపుతుంది. మొదటి పంక్తిలో ఏం కావాలో చెప్పే మాట ఉంటుంది: సమాచారం అడిగేటప్పుడు గెట్, ఏదైనా ఇచ్చేటప్పుడు పోస్ట్. దాని పక్కనే చిరునామా. ఆ కింద హెడర్లు: నేను ఫలానా బ్రౌజర్ని, నాకు ఫలానా రూపంలో జవాబు కావాలి, ఇదిగో నా లాగిన్ టోకెన్. తర్వాత ఒక ఖాళీ పంక్తి, ఆ కింద ఫారంలో నింపిన వివరాలు. అటునుంచి వచ్చే జవాబు కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. దాని మొదటి పంక్తిలోనే మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 200 అయితే పని జరిగింది. 401 అయితే ముందు లాగిన్ అవ్వు. 404 అయితే అలాంటిది ఇక్కడ లేదు. 500 అయితే తప్పు మాదే. ఈ పద్ధతికే హెచ్‌టీటీపీ అని పేరు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ దీన్ని తయారుచేశారు. 1991 నాటి తొలి రూపంలో గెట్ తప్ప మరో మాట లేదు, హెడర్లు లేవు, మూడంకెల సంఖ్యలూ లేవు. అవన్నీ చేరి 1.0 రూపం పత్రంగా అచ్చయ్యేసరికి 1996 వచ్చింది.

ఆ రోజుల్లో ఒక రిక్వెస్టు అంటే ఒక కొత్త పేజీ. లింక్ నొక్కితే ఉన్న పేజీ మొత్తం చెరిగిపోయి, తెర తెల్లబడి, కొత్త పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఎంసెట్ ర్యాంకు చూసుకున్న తరానికి ఆ తెల్లటి తెర బాగా తెలుసు. చిన్న ముక్క మారాలన్నా పేజీ అంతా మళ్ళీ రావాల్సిందే. పేజీకి ఎదురుచూడటమనే సమస్యే లేదు, ఎందుకంటే ఎదురుచూడటానికి పేజీ మిగిలేదే కాదు.

ఈ పద్ధతితో ముందుగా విసిగినవాళ్ళలో మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ బృందం ఒకటి. ఎక్స్ఛేంజ్ 2000 కోసం అవుట్‌లుక్‌ను బ్రౌజర్‌లో నడపాలని వాళ్ళ ప్రయత్నం. ప్రతి ఉత్తరానికీ పేజీ మొత్తం తిరిగి వస్తుంటే అది మెయిల్ ప్రోగ్రామ్ అనిపించుకోదు. ఆ బృందంలోని అలెక్స్ హాప్‌మన్, పేజీ కదలకుండా వెనకనుంచి సర్వర్‌తో మాట్లాడే చిన్న భాగాన్ని ఒక వారాంతంలో రాసేశాడు. అప్పటికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 విడుదల దగ్గరపడింది, కొత్తవాటికి తలుపులు మూసేస్తున్నారు. ఎక్స్ఎమ్ఎల్ లైబ్రరీ ఎలాగూ ఆ బ్రౌజర్‌తో వెళ్తోంది కాబట్టి దాని చాటున దీన్నీ ఎక్కించేశారు. ఎక్స్ఎమ్ఎల్‌తో పెద్దగా సంబంధం లేని పనిముట్టుకు ఎక్స్ఎమ్ఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అనే నోరు తిరగని పేరు అలా అంటుకుంది. 1999 మార్చిలో అది లోకంలోకి వచ్చింది. కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2004లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దాని సత్తా తెలిసింది. మ్యాప్‌ను మౌస్‌తో లాగితే పక్క ఊరు ప్రత్యక్షమవుతోంది, తెర తెల్లబడటం లేదు! అదే నెలలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ఎజాక్స్ అని పేరు పెట్టాడు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. బ్రౌజర్ పేజీలో జావాస్క్రిప్ట్ ఒక్క దారిలోనే నడుస్తుంది. ఒక పని సాగుతుండగా రెండోది ముట్టుకోదు. సర్వర్ జవాబు వచ్చేదాకా ఆ దారిని ఆపేస్తే బటన్లు పనిచేయవు, పేజీ కిందికి జరగదు, టైపు చేసిన అక్షరం కనబడదు. అలా ఆపి అడిగే వీలు కూడా ఆ పనిముట్టులో పెట్టారు. వాడినవాళ్ళు పేజీ బిగుసుకుపోవడం చూసి మానుకున్నారు. మిగిలిన మార్గం: రిక్వెస్టు పంపేసి మన పని మనం చేసుకోవడం, జవాబు వచ్చినప్పుడు పిలవడానికి ఒక ఫంక్షన్‌ను ముందే అప్పగించి ఉంచడం. దాన్నే కాల్‌బ్యాక్ అంటారు.

ఒక్క రిక్వెస్టు అయితే కాల్‌బ్యాక్‌తో ఇబ్బంది లేదు. భూమి ఫారం లాంటిది తీసుకోండి. ముందు లాగిన్ కావాలి. లాగిన్ అయ్యాకే పాస్‌బుక్ వివరాలు. అవి వచ్చాకే సర్వే నంబర్లు. సర్వే నంబరు ఎంచుకున్నాకే ఖాళీ స్లాట్లు. స్లాట్ దొరికాకే ఫీజు. ఐదు రిక్వెస్టులు, ఒకదాని కడుపులో ఒకటి. కోడ్ ప్రతి మెట్టులోనూ కుడివైపుకు జరిగి జరిగి తెర అంచు దాకా పోతుంది. అది చూడటానికి అసహ్యంగా ఉండటం చిన్న సంగతి. ఐదు మెట్లలో ప్రతి దాంట్లోనూ తప్పు జరగొచ్చు. ప్రతి చోటా విడిగా చూసుకోవాలి. ఒక్క చోట మరిచిపోతే ఆ తప్పు కిక్కురుమనకుండా మాయమవుతుంది. పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది.

ఈ జబ్బుకు మందు జబ్బుకంటే ముందే పుట్టి ఉంది. 1976లోనే డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇంకా లెక్క తేలని విలువ స్థానంలో నిలబడే వస్తువుకు ప్రామిస్ అని పేరు పెట్టారు. 1988లో ఎమ్ఐటీకి చెందిన బార్బరా లిస్కోవ్, ల్యూబా శ్రీరా దాన్ని దూరదూరాన ఉన్న కంప్యూటర్ల మధ్య పిలుపుల కోసం మలిచారు. నెట్‌వర్క్ అవతల ఉన్న యంత్రాన్ని ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా ఆగకుండా, వెంటనే చేతికి ఒక వస్తువు రావాలి. తర్వాత తీరిగ్గా ఆ వస్తువునే జవాబు అడగొచ్చు. తప్పు జరిగితే ఆ తప్పు కూడా అదే వస్తువులోంచి బయటికి రావాలి. వాళ్ళ పత్రంలో అసలు విలువ ఈ చివరి ముక్కదే అని నా అభిప్రాయం. వేగం గురించి చాలామంది ఆలోచిస్తారు. ఓటమి ఏ దారిన తిరిగి రావాలో ముందే కట్టిపెట్టేవాళ్ళు తక్కువ.

తహసీల్దారు ఆఫీసుకు పోయేవాళ్ళకు ఈ వస్తువు కొత్తది కాదు, జేబులో పెట్టుకుని తిరిగిందే. స్లాట్ రసీదు చేతికి వచ్చినంత మాత్రాన భూమి పేరు మీదికి రాదు. కానీ ఆ కాగితం ఉంది కాబట్టి ఆఫీసు ముందు రోజంతా పడిగాపులు కాయనక్కర్లేదు, పొలం పని చూసుకోవచ్చు. పని పెండింగ్‌లో ఉంటుంది. ఆ రోజు వచ్చాక రిజిస్ట్రేషన్ అయినా అవుతుంది, ఏదో కారణం రాసి తిప్పి పంపడమైనా జరుగుతుంది. ప్రామిస్‌కూ అచ్చం ఈ మూడే స్థితులు. రసీదుకు లేని సుగుణం ఒకటి ప్రామిస్‌కు ఉంది: ఒకసారి అటో ఇటో తేలాక ఇక మారదు.

జావాస్క్రిప్ట్ లోకం ఈ సంగతి గ్రహించడానికి ఆపసోపాలు పడింది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్‌ను 2009లో తయారుచేసిన రయన్ డాల్ మొదట అందులో ప్రామిస్‌లు పెట్టి, 2010 ఫిబ్రవరిలో తీసేశాడు. 2018లో బెర్లిన్ సభలో నిలబడి, నోడ్ విషయంలో తను పశ్చాత్తాపపడే సంగతుల జాబితా చదివినప్పుడు ఆ తీసివేతను మొదట్లోనే చెప్పుకున్నాడు. ఈలోపు ఎవరికి తోచిన ప్రామిస్ లైబ్రరీ వాళ్ళు రాసుకున్నారు. ఒకదానితో మరొకటి పొసగలేదు. 2012లో కొందరు కూర్చుని, ప్రామిస్ అంటే కనీసం ఇలా నడుచుకోవాలని ఉమ్మడి నియమాలు రాశారు. 2015 జూన్ నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో అది భాషలోనే భాగమైంది. రెండేళ్ళకు ఎసింక్, ఎవెయిట్ అనే మాటలు చేరాయి. కుడివైపుకు జరిగిపోయిన ఆ ఐదు మెట్లూ తిన్నగా ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

భాషలో ప్రామిస్ స్థిరపడకముందే, 2014లో, మ్యాట్ జబ్రిస్కీ అనే ప్రోగ్రామర్ హెచ్‌టీటీపీ రిక్వెస్టులు పంపే యాక్సియోస్ అనే లైబ్రరీ రాశాడు. అప్పట్లో యాంగ్యులర్ అనే పెద్ద చట్రంలో హెచ్‌టీటీపీ పిలుపులకు చక్కటి ఏర్పాటు ఉండేది, కానీ దాని కోసం చట్రం మొత్తాన్ని నెత్తిన పెట్టుకోవాలి. ఆ ఒక్క సౌకర్యాన్ని విడదీసి ఎవరైనా ఎక్కడైనా వాడుకునేలా చేయడమే అతని ఉద్దేశం. బ్రౌజర్‌లో ఉన్నప్పుడు యాక్సియోస్ లోపల పనిచేసేది అదే హాప్‌మన్ పనిముట్టు. సర్వర్ మీద ఉన్నప్పుడు నోడ్ సొంత హెచ్‌టీటీపీ భాగాన్ని పట్టుకుంటుంది. పైన రాసే కోడ్ మాత్రం రెండు చోట్లా ఒకటే. 2016 నవంబరులో వ్యూ అనే మరో చట్రం సృష్టికర్త ఇవాన్ యూ, తమ సొంత హెచ్‌టీటీపీ లైబ్రరీని అధికారిక హోదా నుంచి తప్పించి యాక్సియోస్ వాడుకోండని చెప్పాక దీని దశ తిరిగింది. తమాషా ఏమిటంటే లోకమంతా వాడుతున్నా ఎనిమిదేళ్ళ పాటు దాని వెర్షన్ సంఖ్య సున్నాతోనే మొదలయ్యేది. 1.0 అనిపించుకోవడానికి 2022 అక్టోబరు దాకా ఆగింది.

దీని లోపలి భాగంలో నాకు బాగా నచ్చినది ఇంటర్‌సెప్టర్. ప్రతి రిక్వెస్టుకూ లాగిన్ టోకెన్ జతచేయాలి. వంద చోట్ల ఒకే పంక్తి రాయడం కంటే దారిలో ఒక మనిషిని నిలబెట్టడం మేలు. ఆ మనిషే ఇంటర్‌సెప్టర్. దాన్ని యాక్సియోస్ ఎలా చేసిందో మూలకోడ్‌లో చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడ పెద్ద యంత్రాంగమేమీ లేదు. ఒక వరుస ఉంటుంది. వరుస నడిమధ్యన రిక్వెస్టును నిజంగా పంపే ఫంక్షన్. మనం పెట్టిన రిక్వెస్టు ఇంటర్‌సెప్టర్లను దాని ముందువైపు తోస్తుంది, రెస్పాన్స్ ఇంటర్‌సెప్టర్లను వెనక చేరుస్తుంది. ఆపైన, అప్పటికే నెరవేరిన ప్రామిస్ ఒకటి తీసుకుని, వరుసలోంచి రెండేసి ఫంక్షన్లు తీస్తూ, ఒకటి గెలుపుకు, ఒకటి ఓటమికి, ప్రామిస్ తేలాక ఏం చేయాలో చెప్పే దెన్‌లను ఒకదాని మీద ఒకటి తగిలించుకుంటూ పోతుంది. మూల రూపం అంతే, పది పదిహేను పంక్తులు. కొత్త రిక్వెస్టు ఇంటర్‌సెప్టర్ ఎప్పుడూ వరుస మొదట్లోకే పోతుంది కాబట్టి చివర చేర్చింది ముందు నడుస్తుంది. ఇది తెలియక, టోకెన్ తెచ్చేదాన్నీ టోకెన్ అతికించేదాన్నీ అటుఇటు పెట్టి రాత్రుళ్ళు జాగారం చేసినవాళ్ళు హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఎందరో.

2015లో బ్రౌజర్లే ఫెచ్ అనే సొంత పనిముట్టు తెచ్చాయి. అదీ ప్రామిస్ మీదే నడుస్తుంది, పైగా ఏ లైబ్రరీనీ దించుకోనక్కర్లేదు. 2022లో నోడ్ 18తో సర్వర్ మీదికీ వచ్చింది. అయినా యాక్సియోస్ మూలన పడలేదు. ఒక కారణం ఓటమిని చూసే తీరు. ఫెచ్ దృష్టిలో సర్వర్ నుంచి ఏదో ఒక జవాబు వస్తే చాలు, ప్రామిస్ నెరవేరినట్టే. అది 404 అయినా, 500 అయినా. కోడ్ రాసేవాళ్ళే సంఖ్య చూసుకోవాలి. యాక్సియోస్ మాత్రం 200 నుంచి 299 లోపు సంఖ్య రాకపోతే ఓటమి దారికి మళ్ళిస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఫెచ్‌దే న్యాయమని వాదించవచ్చు, రవాణా సక్రమంగానే జరిగింది కదా అని. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి వైపు నుంచి చూస్తే నేను యాక్సియోస్ పక్షమే.

మేడ్చల్ చుట్టూ, కండ్లకోయ, మైసమ్మగూడ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరుసగా ఉన్నాయి. శామీర్‌పేట వైపు బిట్స్ క్యాంపస్ ఉంది.  ఈ ప్రాంతంలో పేజీలు కట్టే రియాక్ట్ నేర్చుకునే పిల్లలు మొదటి వారాల్లోనే యాక్సియోస్ ముఖం చూస్తారు. ఏపీఐ కొట్టడం అంటారు దాన్ని. గెట్ అని రాసి, దెన్‌లో వచ్చిన డేటాను తెర మీద పెట్టి, క్యాచ్‌లో ఎర్రర్‌ను కన్సోల్‌లోకి పంపేసి, పని అయిపోయిందంటారు. డెమోలో అది నిజంగానే అయిపోతుంది. కాలేజీ వైఫైలో జవాబు రెప్పపాటులో వస్తుంది. కన్సోల్ అనేది ప్రోగ్రామర్ తప్ప ఎవరూ తెరవని చోటు.

ఆ పేజీయే రేపు మీసేవ సెంటర్‌కు చేరుతుంది. అక్కడి మాటలు ఇలా ఉంటాయి.

“అయిందా బిడ్డా?”

“తిరుగుతనే ఉంది తాతా.”

“ఇంకోసారి కొట్టరాదు?”

“వద్దు తాతా, పైసలు రెండుసార్లు కట్ అయితయి. జర ఆగు.”

కుర్సీలో కూర్చున్న ఆ పిల్లవాడు ఏ పుస్తకం చదవకుండానే హెచ్‌టీటీపీలోని కీలకమైన నియమం ఒకటి తెలుసుకున్నాడు. గెట్‌ను పదిసార్లు పంపినా నష్టం లేదు, చూడటమే కదా. పోస్ట్‌ను రెండోసారి పంపితే రెండో పని జరగొచ్చు. అందుకే పేజీ తిరుగుతూ ఉంటే అతను చెయ్యి కట్టుకుని కూర్చుంటాడు. ప్రోగ్రామర్లు గెలుపుకు కోడ్ రాస్తారు, ఓటమికి ఒక పంక్తి రాస్తారు. జనం ఎక్కువసేపు గడిపేది మాత్రం ఈ రెండూ కాని పెండింగ్‌లో. నా ఫిర్యాదు ఇదే, లైబ్రరీ మీద కాదు, వాడేవాళ్ళ మీద.

ఆ పెండింగ్ ఎంతసేపు ఉండొచ్చు? యాక్సియోస్‌లో టైమౌట్ అనే అమరిక ఉంది. మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ 0, అంటే హద్దే లేదు. నడుమ ఉండే గేట్‌వేలకు మాత్రం ఓపిక తక్కువ. చాలా చోట్ల వాడే ఎంజిన్‌ఎక్స్, ఎవరూ మార్చకపోతే, వెనక ఉన్న సర్వర్ నుంచి 60 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే 504 అని జవాబిచ్చేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. 504 వచ్చిందంటే పని జరగలేదని అర్థం కాదు. గేట్‌వే విసిగి వెళ్ళిపోయాక కూడా వెనక సర్వర్ ఆ పని పూర్తి చేసి ఉండొచ్చు, ఫీజు జమ అయి ఉండొచ్చు. మన టైమౌట్ కూడా అంతే. అది మన ఎదురుచూపును ఆపుతుంది గాని సర్వర్ చేతిని పట్టుకోదు. ఊరి బయట సిగ్నల్ పోతే వచ్చే నెట్‌వర్క్ ఎర్రర్ మరీ ఘోరం. రిక్వెస్టు పోతూ దారిలో ఆగిందా, చేరాక జవాబు ఆగిందా అన్నది దాంట్లో ఉండదు. భద్రతా నియమాల కారణంగా బ్రౌజరే జవాబును అడ్డుకున్నా యాక్సియోస్‌కు కనిపించేది నెట్‌వర్క్ ఎర్రర్ అనే అవే రెండు ముక్కలు.

కాబట్టి ఓటమి దారిలో “మళ్ళీ ప్రయత్నించండి” అని రాయడం చాలాసార్లు తప్పుడు సలహా. మొదటి పని జరిగి ఉంటే అది రెండో ఫీజుకు ఆహ్వానమే. అక్కడ కావలసింది వేరే మాట: “మీ దరఖాస్తు చేరిందో లేదో ఇంకా తెలియలేదు. మళ్ళీ నొక్కకండి. ఈ నంబరుతో ఇక్కడ చూసుకోండి.” ఆ మాట నిజం కావాలంటే నంబరు సర్వర్ ఇచ్చేది కాకూడదు, ఎందుకంటే సర్వర్ జవాబే మనకు అందలేదు. పంపకముందే బ్రౌజర్ ఒక నంబరు తయారుచేసి రిక్వెస్టు హెడర్‌లో పెట్టాలి. అదే నంబరుతో రెండోసారి పోస్ట్ వస్తే సర్వర్ కొత్త పని మొదలుపెట్టదు, మొదటిదాని ఫలితాన్నే తిరిగి ఇస్తుంది. డబ్బు వ్యవహారం నడిపే సేవల్లో ఇది మామూలు పద్ధతి.

ఈ నంబరును ఎక్కడ పుట్టించాలన్న దగ్గర యాక్సియోస్ వాడేవాళ్ళు ఒక గోతిలో పడుతుంటారు. అన్ని రిక్వెస్టులకూ హెడర్ జతచేయడానికి ఇంటర్‌సెప్టర్ ఉంది కదా అని అక్కడే కొత్త నంబరు పుట్టిస్తారు. టైమౌట్ అయ్యాక అదే రిక్వెస్టును మళ్ళీ పంపితే అది కూడా వరుస మొదటి నుంచే బయలుదేరుతుంది, అదే ఇంటర్‌సెప్టర్ గుండా పోతుంది, ఇంకో కొత్త నంబరు తగిలించుకుంటుంది. సర్వర్‌కు అది వేరే మనిషి చేసిన వేరే దరఖాస్తులా కనిపిస్తుంది, ఫీజు రెండోసారి పడుతుంది. నంబరు ఫారం తెరిచినప్పుడే పుట్టి, ఆ ఫారం పని తేలేదాకా దానితోనే ఉండాలి. ఇంటర్‌సెప్టర్ దాన్ని అతికించాలి గాని పుట్టించకూడదు.